రొయ్యల ఫ్యాక్టరీలో మంచిరోజు

ప్రభుత్వం వారికి అప్పుడప్పుడూ దయ పుడుతుంది. మనకి పుట్టినట్టు గుండెలో పుట్టదు, గెజిట్‌లో పుడుతుంది. ఆ వేసవిలో అలా పుట్టిన దయకి ‘పిలుపు కార్మికుల షిఫ్టు రద్దు నియమావళి’ అని నామకరణం చేసి మా ఫ్యాక్టరీకి కూడా ఒక ప్రతి పంపించారు.

మాది రొయ్యల ఫ్యాక్టరీ. కాకినాడకి ఇవతల, ఉప్పుటేరు గట్టు మీద ఉంటుంది. నేను అక్కడ పర్సనెల్ సెక్షన్‌లో సూపరింటెండెంటుని. మా దగ్గర మూడు వందల మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు అంటే నిజం, ఎవరూ పనిచెయ్యడం లేదు అన్నా నిజమే. చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఉన్న రోజున ఉంటారు, లేని రోజున ఉండరు. సాయంత్రం ఫోన్లకి ‘రేపు షిఫ్టు ఉంది’ అని మెసేజి పెడతాం. వాళ్ళు కోడి కూయకముందే లేచి, వండి, పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పి, మా బస్సెక్కి వస్తారు. బూట్లు తొడుక్కుని, తలకి టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాక సూపర్‌వైజరు వచ్చి, “సరుకు రాలేదు, వెళ్ళిపోండి” అంటాడు. తీసుకొచ్చిన బస్సు మళ్ళీ సాయంత్రం దాకా కదలదు కాబట్టి గట్టు వెంట నడిచి పోతారు. ఈ ఏర్పాటుని మేం ఫ్లెక్సిబిలిటీ అనేవాళ్ళం. వాళ్ళేమనేవాళ్ళో రాస్తే బాగుండదు.

ఈ దయగల నియమావళి ఏమందంటే, షిఫ్టు ఇస్తానని చెప్పి ముందురోజు పొద్దుగుంకే లోపల రద్దు సంగతి చెప్పకపోతే ఆ రోజు కూలి చచ్చినట్టు ఇవ్వాలంది. మా జనరల్ మేనేజరు వర్ధన్ గారు ఆ కాగితం చదివి మీటింగు పెట్టారు. ఆయన హైదరాబాదులో పెద్ద చదువులు చదివి వచ్చిన మనిషి. రొయ్యని ప్లేటులో తప్ప చూడకుండానే రొయ్యల ఫ్యాక్టరీని నడపగల సమర్థుడు.

“మనది చట్టాన్ని గౌరవించే సంస్థ. నియమావళి మొత్తాన్ని గౌరవిద్దాం. అందులో మనకి పనికొచ్చే భాగం ఏదైనా ఉంటే దాన్ని ఇంకాస్త ఎక్కువగా గౌరవిద్దాం. ఉందేమో చూడండి” అన్నారు.

చూశాను. చివరి పేజీలో ఉంది. ‘యజమాని చేతిలో లేని దైవిక కారణము వలన షిఫ్టు రద్దయినచో పై నిబంధన వర్తించదు. అయితే సదరు దైవిక కారణమును తగిన అర్హత గల వ్యక్తి ధ్రువీకరించవలెను.’ రాసిన మహానుభావుడి మనసులో తుపానో వరదో ఉండి ఉంటుంది. కానీ మనసులో ఉన్నది గెజిట్‌లో పడదుగా.

“తుపాను ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందయ్యా? మనకి వారానికి మూడు నాలుగు రద్దులుంటాయి” అని జీఎం గారు పెదవి విరిచారు.

“తుపాను దాకా ఎందుకు సార్” అన్నాను. “దైవం సంగతి వాతావరణ కేంద్రం వాళ్ళకేం తెలుస్తుంది? సిద్ధాంతి గారిని పెట్టుకుంటే సరిపోతుంది.”

నేనేదో మాటవరసకి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. పాతికేళ్ళ సర్వీసులో నా చెయ్యి ఎవరైనా పట్టుకోవడం అదే మొదలు.

అలా విశ్వపతి సిద్ధాంతి గారు మా ఫ్యాక్టరీకి వచ్చారు. పాపం, అరుగు మీద చాప వేసుకుని నలుగురికీ ముహూర్తాలు పెట్టుకునే పెద్దమనిషి. ఆయనకి ఏసీ గది, మెడలో ఫొటో కార్డు, ‘దైవిక కారణాల ముఖ్య అధికారి’ అని తలుపు మీద ఇత్తడి పలక ఇచ్చాం. శుభ్రత నిబంధన ప్రకారం పిలక బయటికి కనబడకూడదు కాబట్టి వలటోపీ కూడా ఇచ్చాం. టోపీ విషయంలో కాస్త నసిగారు కానీ ఏసీ చూసి ఊరుకున్నారు.

“స్వామీ, రేపు సరుకు లేదు. రేపటి రోజులో ఏమైనా దోషం ఉందేమో చూసిపెడతారా?” అని అడిగారు జీఎం గారు, ఎంతో వినయంగా.

సిద్ధాంతి గారు పంచాంగం తెరవను కూడా తెరవలేదు. “దోషం లేని రోజెక్కడుంటుంది నాయనా? రాహుకాలం ఉంది, యమగండం ఉంది. వర్జ్యం, దుర్ముహూర్తం సరేసరి.”

“రాహుకాలం మళ్ళీ ఎప్పుడొస్తుంది?”

“రోజూ వస్తుంది.”

“రోజూనా!” అన్నారు జీఎం గారు. దేశంలో ఇంత గొప్ప వనరు ఇన్నాళ్ళుగా ఎవరికీ పట్టకుండా పడి ఉందని బాధపడ్డారు.

మర్నాటినుంచీ మా మెసేజీల తీరు మారింది. ‘దైవిక కారణము వలన నేటి షిఫ్టు రద్దయినది. దుర్ముహూర్తము వలన కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము.’ బస్సు ఫ్యాక్టరీ గేటు ముందు ఆగాక ఈ మెసేజి వెళ్ళేది. ముందు పంపితే ఆడవాళ్ళు రారు. రాకపోతే, ఒకవేళ ఎక్కడో ఒక చెరువు యజమాని మనసు మార్చుకుని సరుకు పంపితే, వొలిచేదెవరు? దేవుడు కూడా మా అవసరం చూసుకునే అడ్డుపడేవాడు.

వాళ్ళలో వీరవేణి అని ఒక పిల్ల ఉంది. తలలు తీసే బల్ల దగ్గర పని. చెయ్యి చురుకు, నోరు చెయ్యి కంటే చురుకు. మొదటి వారంలోనే నా కిటికీ దగ్గరికి వచ్చేసింది.

“సూపర్నెంటు గారూ, దుర్ముహూర్తం పొద్దున్నే అయిపోద్దంట గదండీ. మద్దేనం నుంచి పనెట్టుకోవచ్చు గదా?”

“మధ్యాహ్నం వర్జ్యం ఉందమ్మా.”

“పోనీ సాయంత్రం?”

“రాహుకాలం.”

“ఆయ్. మరి మొన్న లారీలకి లారీలు పట్టుబడి వచ్చింది గదండీ. సీకటడ్డాక కూడా వొలిపించారు మాసేత. ఆ రోజున రాహుకాలం సెలవెట్టిందాండీ?”

“ఎగుమతి సరుకుకి దోషం అంటదమ్మా. తినేవాళ్ళకి పంచాంగం లేదు కదా” అన్నాను. అప్పటికప్పుడు అంత మంచి జవాబు తట్టినందుకు నాకే ముచ్చటేసింది. ఆ పిల్ల మాత్రం ముచ్చటపడలేదు. నన్ను ఎగాదిగా చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు దారి పట్టింది.

వెళ్ళిన పిల్ల ఊరుకోలేదు. కార్మిక శాఖ వారికి అర్జీ పెట్టింది. దాంతో సహాయ కార్మిక అధికారి పరాంకుశం గారు తనిఖీకి దయచేశారు. ఆయన మామూలు మాటలు మాట్లాడరు. మంచినీళ్ళు కావాలన్నా ‘తాగునీటి సదుపాయము కల్పించగలరు’ అంటారు. సిద్ధాంతి గారి ధ్రువపత్రాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

“దైవిక కారణము కలదు. అర్హత గల వ్యక్తి కలడు. ధ్రువీకరణ కలదు. ఇంతవరకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు” అన్నారు. జీఎం గారు జీడిపప్పు పళ్ళెం ఆయన దగ్గరికి జరిపారు. “అయితే ఒక లోపము కనబడుచున్నది. సదరు దుర్ముహూర్తము సదరు కార్మికురాలికి వ్యక్తిగతముగా ఏ విధముగా వర్తించునో చూపలేదు. మూడు వందల మందికి మూకుమ్మడిగా ఒకే దైవిక కారణమును అంటగట్టుట సహజ న్యాయమునకు విరుద్ధము.”

మా ప్రాణాలు గుటుక్కుమన్నాయి. సిద్ధాంతి గారొక్కరే నిబ్బరంగా ఉన్నారు. “దానికేముందండీ, తారాబలం చూద్దాం. ఎవరి జన్మనక్షత్రం బట్టి వాళ్ళకి ఆ రోజు మంచో చెడో విడివిడిగా చెప్పొచ్చు” అన్నారు.

“విడివిడిగానా?” అన్నారు జీఎం గారు, పరాంకుశం గారు ఒకేసారి. పరాంకుశం గారిది సంతృప్తి. జీఎం గారిది పరమానందం. ఇప్పటిదాకా రద్దు చేస్తే అందరికీ చెయ్యాల్సి వచ్చేది. ఇక మీదట ఎవరు కావాలో వాళ్ళని ఉంచుకుని, అక్కర్లేని వాళ్ళని మాత్రమే దేవుడి మీద పెట్టి పంపెయ్యొచ్చు. అర్జీ పెట్టిన వీరవేణి పుణ్యమా అని మా పద్ధతి మరింత శాస్త్రీయమైంది. పరాంకుశం గారు దానికి కార్మిక శాఖ ముద్ర కూడా వేసి వెళ్ళారు.

వారం తిరక్కుండా అందరి నక్షత్రాలూ రాయించుకున్నాం. తెలియని వాళ్ళకి పేరులో మొదటి అక్షరాన్ని బట్టి కట్టాం. అందులో ఒక చిత్రం గమనించాను. ఎదురు మాట్లాడని వాళ్ళకి మిత్రతార, పరమమిత్రతార తరచుగా పడేవి. బాత్‌రూముకి వెళ్ళాలని రెండుసార్లు అడిగిన వాళ్ళకి విపత్తార పడేది. వీరవేణిది చిత్తా నక్షత్రం. ఆ నెలలో చంద్రుడు ఎటు తిరిగినా ఆ పిల్ల విపత్తారలోంచే తిరిగాడు. సిద్ధాంతి గారు ఒకటి రెండుసార్లు “ఇదెక్కడి లెక్క నాయనా” అని గొణిగారు. ధ్రువపత్రం ముందే టైపు చేసి ఇస్తున్నాం కదా, సంతకం పెట్టడానికి లెక్కతో పనేముందని నచ్చజెప్పాను.

మా కీర్తి చుట్టుపక్కల పాకింది. సర్కారు ముద్ర పడ్డ సిద్ధాంతి అని విశ్వపతి గారికి పెద్ద పేరు వచ్చేసింది. ఆ పేరే కొంప ముంచింది.

ఒకరోజు మంగాయమ్మ అనే ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. కొడుకు చిట్టిబాబు నాకు తెలుసు. మా ఫ్యాక్టరీకి ఐసు తోలే వ్యాను డ్రైవరు. ఐసు దించడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు తలలు తీసే బల్ల దగ్గర కనబడేవాడు. వీరవేణికి, అతనికి పెళ్ళి ఖాయమైందని, రెండిళ్ళ వాళ్ళకీ ఇష్టమేనని, ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి అని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

“బాబూ, మాకు కాబోయే కోడలికి మీరు రోజూ దోషం ఉందని మెసేజీలెడతన్నారంట. ఆ పిల్లే ఫోను సూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది నిజమేనాండీ?” అంది మంగాయమ్మ.

చూడండి నా ఇరకాటం. అబద్ధమని చెప్పానా, అన్ని రద్దులకీ కంపెనీ కూలి కట్టాలి. ఆవిడ వెనకాల చిట్టిబాబు కాదనమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. పెళ్ళికొడుకు మొహం చూడాలా, కంపెనీ మొహం చూడాలా? జీతం ఇచ్చే మొహాన్నే చూశాను.

“నూటికి నూరుపాళ్ళూ నిజమమ్మా. మా కంపెనీ అబద్ధం చెప్పదు. కార్మిక శాఖ వారు కూడా ముద్ర వేశారు” అన్నాను.

“ఒక్క మంచిరోజు కూడా లేదాండీ ఆ పిల్లకి?”

“మా రికార్డు ప్రకారం ఇంతవరకు తగల్లేదు.”

ఆవిడ లేచింది. “అయితే మాకొద్దండి బాబూ. మంచిరోజే లేని పిల్లని ఏ రోజున ఇంటికి తెచ్చుకోను?”

“అమ్మా...” అన్నాడు చిట్టిబాబు.

“నువ్వు నోర్ముయ్యరా. గవర్నమెంటోరే ముద్రేసి సెప్తే నీకేం తెలుసు?”

వాళ్ళు వెళ్ళాక నాకు మనసు చివుక్కుమంది. ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు, ఆ పూట అన్నం సయించలేదు. అయినా కంపెనీ రికార్డుకి, నా మనసుకి పోటీ వస్తే మనసుని ఏ ఆడిటరూ అడగడు.

మర్నాడు వీరవేణి సరాసరి సిద్ధాంతి గారి గదిలోకి దూసుకొచ్చింది. అప్పుడు అక్కడ జీఎం గారూ, నెలవారీ తనిఖీకి వచ్చిన పరాంకుశం గారూ, నేనూ ఉన్నాం. పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“నాకు షిఫ్టొద్దు, కూలొద్దు. నాకు ఒక్క మంచిరోజు రాసియ్యండి. ఒకే ఒక్కటి. నా పెళ్ళికి” అంది.

సిద్ధాంతి గారి మొహం వాడిపోయింది. ఎంతైనా నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళు చేయించిన మనిషి. “తల్లీ, నిజానికి నీకు వచ్చే దశమి బంగారంలా...” అంటూండగానే జీఎం గారు అడ్డుకున్నారు.

“స్వామీ! దశమినాడు ఆ అమ్మాయికి విపత్తార అని రద్దు ఉత్తర్వు రెడీగా ఉంది. ఒకే రోజు పెళ్ళికి మంచిదీ, పనికి చెడ్డదీ అంటే కోర్టులో నిలబడుతుందా?”

ఆ పిల్ల పరాంకుశం గారి వైపు తిరిగింది. “మీరైనా సెప్పండి బాబూ.”

పరాంకుశం గారు సానుభూతిగా నియమావళి తిరగేశారు. “చెడ్డరోజును ధ్రువీకరించుటకు మాత్రమే ఇందులో వెసులుబాటు కలదు. మంచిరోజును జారీ చేయు అధికారము ఏ అధికారికీ దఖలు పరచబడలేదు. కావలసినచో పై అధికారులకు వ్రాసెదను.”

“మా కూలి మిగుల్చుకోటానికి నా నెత్తిన దోషం రుద్దుతారేటండీ? రేపు నన్నెవరు సేసుకుంటారు? మీ ఇళ్ళల్లో ఆడపిల్లలు లేరా?” అని గట్టిగా ఏడ్చేసింది.

లేకేం, మా ముగ్గురికీ ఉన్నారు. కానీ వాళ్ళవి నెలజీతం ఉద్యోగాలు. వాళ్ళకి గ్రహాలన్నీ అనుకూలంగానే ఉంటాయి.

ఇలా ఉండగా మా కొత్త శీతల గిడ్డంగికి ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. ఎమ్మెల్యే గారు వస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, మా సరుకు కొనే విదేశీయులు వస్తున్నారు. కార్మికుల్ని ఎంత బాగా చూసుకుంటున్నామో వాళ్ళు కళ్ళారా చూస్తారట. హాలు నిండా ఆడవాళ్ళు ఉండాలి, అందరూ కొత్త ఏప్రన్లు కట్టుకుని నవ్వుతూ వొలుస్తుండాలి.

“ఆ రోజు మూడు వందల మందిలో ఒక్కరికి కూడా చెడ్డతార ఉండటానికి వీల్లేదు” అన్నారు జీఎం గారు.

సిద్ధాంతి గారు రెండు చేతులూ జోడించారు. “ఇరవై ఏడు నక్షత్రాలకీ ఒకే రోజు తారాబలం కుదరడం సాధ్యం కాదు నాయనా.”

“రద్దులకి సాధ్యమైందిగా స్వామీ?”

చివరికి సిద్ధాంతి గారే మధ్యేమార్గం చూపించారు. కంపెనీ ఖర్చుతో సామూహిక శాంతిహోమం చేయిస్తే సకల దోషాలూ ఆ ఒక్కరోజుకి తొలగిపోయినట్టు రాయవచ్చన్నారు. హోమం చేశాం. పరాంకుశం గారు కూడా ఒక పేరా జోడించారు. మంచిరోజు జారీ చేసే అధికారం తనకి లేదు కానీ, జారీ అయిన మంచిరోజును నమోదు చేసుకునే అధికారం ఉందట.

దాన్నంతా ఆహ్వానపత్రంగా అచ్చువేయించాం. ముహూర్తం లేకుండా శుభలేఖ వేస్తే ఏం బాగుంటుందని జీఎం గారు దగ్గరుండి రాయించారు. ‘ఈ దినము సమస్త నక్షత్రముల వారికిని సమస్త శుభకార్యములకును అత్యంత యోగ్యమైనదిగా ధ్రువీకరించడమైనది.’ కింద సిద్ధాంతి గారి సంతకం, కార్మిక శాఖ ముద్ర. ఒక్కరు కూడా పని మానకూడదని ఆ కాగితాన్ని బస్సు తిరిగే ప్రతి ఊళ్ళోనూ ప్రతి గడపకీ పంచిపెట్టాం. నేనే దగ్గరుండి పంచిపెట్టించాను.

ఆ రోజు వచ్చింది. చెరువులన్నీ ముందే మాట్లాడి పెట్టుకున్నాం కనుక తెల్లారేసరికి గేటు ముందు రొయ్యల లారీలు బారులు తీరాయి. కాసేపటికి మా బస్సులు తిరిగొచ్చాయి. ఖాళీగా వచ్చాయి.

“మనుషులేరయ్యా?” అని డ్రైవర్ని అడిగాను.

“ఉన్నారండీ. పట్టుచీరల్లో ఉన్నారు. బస్సెక్కమంటే నవ్వుతున్నారండీ.”

జీఎం గారు నన్ను జీపులో తోశారు. వెళ్ళి చూద్దును కదా, ఏ వీధి చూసినా పందిరే. ఒక ఇంట్లో పెళ్ళి, ఎదురింట్లో చెవులు కుట్టించడం, పక్కింట్లో గృహప్రవేశం, చివరింట్లో అక్షరాభ్యాసం. మైకులన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. నెలల తరబడి మేం వాళ్ళకి సర్కారు ముద్రతో చెడ్డరోజులే పంచాం. దాంతో మంచి పని పెట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఇన్నాళ్ళకి ఒక్క మంచిరోజు అచ్చేసి ఇచ్చేసరికి, ఆగిపోయిన శుభకార్యాలన్నీ ఆ ఒక్క రోజు మీద వచ్చి పడ్డాయి. మా కాగితాన్ని ప్రతి పందిట్లోనూ గుంజకి అతికించుకున్నారు.

వీరవేణి పెళ్ళి పందిట్లోకి వెళ్ళాను. పీటల మీద వీరవేణి, చిట్టిబాబు. పొద్దున ఐసు వ్యాను ఎందుకు రాలేదో అప్పటికి అర్థమైంది. ఎదురుగా కూర్చుని మంత్రాలు చదువుతున్నది మా విశ్వపతి సిద్ధాంతి గారు. వలటోపీ లేదు. పిలక హాయిగా ఊగుతోంది.

“స్వామీ, మీరిక్కడా! అక్కడ రిబ్బను...” అన్నాను.

“పిల్ల ఇంటికొచ్చి పిలిచింది నాయనా. మంచిరోజని నేనే సంతకం పెట్టానాయె. కాదని ఎలా అనను?” అన్నారు.

పక్కనే ఎమ్మెల్యే గారు అక్షింతలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ప్రారంభోత్సవానికి బయల్దేరుదామా అని అడిగితే నవ్వారు. “అక్కడెవరున్నారండీ, మీ జీఎం గారు తప్ప? జనమంతా ఇక్కడుంటే నేనక్కడికొచ్చి ఏం చెయ్యను? ఇంకా చాలా పెళ్ళిళ్ళు తిరగాలి” అన్నారు.

ఇక లాభం లేదని పెళ్ళికూతురి దగ్గరికే వంగి, “అమ్మా వీరవేణీ, సరుకు పాడైపోతోంది. నువ్వు ఒక్కమాట చెబితే వీళ్ళంతా వస్తారు” అని బతిమాలాను.

మంగాయమ్మ గయ్యిమంది. “పీటల మీద పిల్లతో పని మాటలేటండీ? బంగారంలాంటి రోజని మీరే గదా కాయితం పంచారు!”

వీరవేణి మాత్రం ఎంతో నెమ్మదిగా చెప్పింది. “ముహూర్తం మనిషి సేతిలో ఉండదు గదండీ సూపర్నెంటు గారూ. దైవికం. ముందుగా సెప్పలేకపోయాం, ఏం అనుకోకండి. బోయినం సేసెల్లండి.” పందిట్లో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు. పులిహోర బాగుంది.

తిరిగి వెళ్ళేసరికి ఫ్యాక్టరీ హాల్లో జీఎం గారు, పరాంకుశం గారు, ఎకౌంట్సు వాళ్ళు కొత్త ఏప్రన్లు కట్టుకుని రొయ్యలు వొలుస్తున్నారు. రొయ్య కొమ్ము గుచ్చుకుని పరాంకుశం గారి వేలు బూరెలా పొంగింది. “చేతికి గాయము సంభవించినది” అని మూలుగుతున్నారు. విదేశీయులు మాత్రం ముగ్ధులైపోయారట. అధికారులే స్వయంగా వొలిచే కంపెనీని వాళ్ళెక్కడా చూడలేదని ఫొటోలు తీసుకుని వెళ్ళారు.

మర్నాడు బస్సులు వెళ్ళాయి, ఒకదాంట్లో నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు వచ్చి బస్సు పక్కన నిలబడ్డారు. ఒక్కరూ మెట్టెక్కలేదు. ముందు రోజు లారీల్లో సగం సరుకు ఇంకా మిగిలే ఉంది. ఐసు కరిగిపోతోంది. జీఎం గారు నాకు ఫోను మీద ఫోను చేస్తున్నారు. పసుపు తాడు మెళ్ళో వేసుకుని వీరవేణి ముందుకొచ్చింది.

“ఇయ్యాళ మంచిరోజో సెడ్డరోజో ముందే సెప్పండి. సెడ్డదైతే ఇంటికాడే ఉంటాం. మంచిదైతే రాసియ్యండి, ఎక్కుతాం. ఎక్కాక మాట మార్చేది లేదు.”

ఫోనులో జీఎం గారు “రాసిచ్చెయ్, రాసిచ్చెయ్” అని కేకలు పెట్టారు. రాసిచ్చాను. ఆ తర్వాత పరాంకుశం గారిని సలహా అడిగితే, కట్టుకట్టిన వేలుతోనే నియమావళి తిప్పి చూశారు. యజమాని స్వహస్తాలతో మంచిరోజని ధ్రువీకరించాక అదే రోజున దైవిక కారణం చూపడం దేవుడినే తప్పుపట్టడం అవుతుందట. కుదరదట.

ఇప్పుడు నా పని ఏమిటంటే, తెల్లవారుజామునే లేచి బస్సులో ఊరూరా తిరిగి, ఈరోజు మంచిరోజని రాసివ్వడం. సిద్ధాంతి గారు ఉద్యోగం వదిలేసి అరుగు మీదికి వెళ్ళిపోయారు కనుక ఆ బాధ్యత కూడా నా మీదే పడింది.

నిన్న వానపట్టింది. నేను అన్ని ఊళ్ళలోనూ మంచిరోజని రాసిచ్చి, అందర్నీ బస్సుల్లో తీసుకొచ్చాక, ఒక్క చెరువులోనూ పట్టుబడి లేదని కబురొచ్చింది. గేటు దగ్గర ఎవర్నీ వెనక్కి పంపడానికి వీల్లేకపోయింది. మూడు వందల మందీ హాల్లో ఖాళీ బల్లల చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. వీరవేణి పెళ్ళి ఫొటోలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరుగుతున్నాయి. జీఎం గారు అద్దాల్లోంచి చూసి పళ్ళు నూరుకుంటున్నారు. నాకూ ఒళ్ళు మండింది.

“రొయ్య ఒక్కటీ లేకుండా రోజంతా కూలి తీసుకుంటున్నారు. ఇదేం న్యాయమమ్మా?” అన్నాను.

వీరవేణి తల ఎత్తి చూసింది. ఆ చూపులో వేళాకోళం లేదు. “రొయ్య రాని రోజున కూడా మేం బతికే ఉంటాం గదండీ” అంది.

జీఎం గారికి ఈ మాట చెప్పాను. ఆయన దీనికేమైనా మినహాయింపు ఉందేమో నియమావళిలో చూడమన్నారు. పొద్దుట్నుంచీ చూస్తున్నాను.